ముట్టు నొప్పికి మట్టికుండ కషాయం

మస్కట్ అజైబాలోని ఆ చైనా క్లినిక్‌లో మొదట నాది నేల తుడిచే డ్యూటీ. మస్కట్ వచ్చి అప్పటికి ఏడాదిన్నర అయింది. మాది కడప జిల్లాలో వేరుశనగ పండించే మెట్ట ఊరు. ఒక క్లీనింగ్ కంపెనీ వీసా మీద వచ్చాను. నగరంలోనే హమ్రియా అనే పేటలో ఒకే రూమ్‌లో ఆరుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లం. పొద్దున్నే వ్యాను వచ్చి ఒకరిని బ్యాంకు దగ్గర, ఒకరిని బడి దగ్గర, ఒకరిని ఆఫీసు దగ్గర దించుకుంటూ పోయేది. నన్ను ఆ క్లినిక్ ముందు దించేది.

క్లినిక్ చిన్నదే. ముందు రిసెప్షన్, పక్కన డాక్టరమ్మ గది, ఆ లోపల సూదులు గుచ్చే మంచాలు, అన్నిటికన్నా వెనక మందుల గది. మందుల గదిలో ఒక గోడంతా చెక్క సొరుగులే. సొరుగుల మీద నాకు అర్థం కాని అక్షరాలు. వాటిలోంచి వచ్చే వాసన మాత్రం నాకు నచ్చేది. మా ఊరి పచారీ అంగడికి, పాత చెక్కపెట్టెకి మధ్యలో ఎక్కడో ఉండే వాసన అది. అందుకే ఆ గదిని చివరికి ఉంచుకుని నింపాదిగా తుడిచేదాన్ని.

ఆ గదిలోనే ఒకరోజు కూలబడిపోయాను. నెలసరి మొదటిరోజు. పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టింది. నడుములోంచి తొడల్లోకి దిగింది. మాపు కర్ర కింద పడిన చప్పుడైతే విన్నాను, ఆ తర్వాత సొరుగు పిడి పట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నాను. ముఖమంతా చెమట. లేవాలని చూస్తే కళ్లు తిరిగాయి.

ఆ నొప్పి నాకు కొత్తది కాదు. పదమూడో ఏట పెద్దమనిషినైన నాటి నుంచి ప్రతి నెలా వస్తూనే ఉంది. మా అమ్మ వాము కషాయం కాచి ఇచ్చేది, కాసేపు నయంగా ఉండేది. "పెండ్లయితే పోతాదిలేమ్మే" అనేది. పెండ్లయింది, పోలేదు. "బిడ్డ పుడితే గర్భసంచి సర్దుకుంటాది" అన్నారు చుట్టుపక్కల అమ్మలక్కలు. బిడ్డా పుట్టింది. నొప్పి మాత్రం పుట్టింటి ఆస్తిలా నన్ను వదల్లేదు. మస్కట్ వచ్చాక ఇంకా ఎక్కువైంది. నెలకు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు, రూమ్‌లో దిండు పొట్టకు అదుముకుని పడుకోవలసి వచ్చేది. మా సూపర్‌వైజర్ హిందీలో "హర్ మహీనా డ్రామా" అనేవాడు, ప్రతి నెలా నాటకమేనని. నలుగురిలో అనేవాడు. జీతం కోసినందుకు కాదు, ఆ మాటకే నాకు కడుపు రగిలేది. అందుకే ఆ రోజు ఎట్లాగైనా డ్యూటీ చేయాలని పంతం పట్టి వచ్చాను. వచ్చి, ఇదిగో, ఇట్లా పడ్డాను.

చప్పుడు విని డాక్టరమ్మ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, నెరిసిన క్రాపు జుట్టు, కాళ్లకు నల్ల గుడ్డ బూట్లు. ఒమన్‌లో చాలా ఏళ్లుగా ఉంటోంది, అరబిక్ గడగడా మాట్లాడుతుంది. అప్పటిదాకా ఆవిడ నాతో అన్న మాటల్లా పొద్దున సలాం, సాయంత్రం సలాం. ఆ రోజు నా పక్కనే నేల మీద కూర్చుంది. నా రెండు చేతులూ తీసుకుని మణికట్టు మీద మూడేసి వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. ఎంతసేపో పట్టుకుంది. తర్వాత నోరు తెరిచి నాలుక చూపించమని సైగ చేసింది. చూసి, రిసెప్షన్ వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

రిసెప్షన్‌లో ఉండే ఆమెది హైదరాబాదు. పాతబస్తీ ముస్లిం కుటుంబం. ఉర్దూ, అరబిక్, తెలుగు మూడూ వచ్చు. అందరూ ఆమెను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేవాళ్లు, నేనూ అంతే. ఆపా వచ్చి నన్ను చూసి "అయ్యో, ఏమైంది చెల్లె?" అని మంచినీళ్లు పట్టించింది. డాక్టరమ్మ అరబిక్‌లో అడగడం, ఆపా తెలుగులో చెప్పడం మొదలైంది. మొదటి రెండు ప్రశ్నలు బాగానే ఉన్నాయి. మూడో ప్రశ్నకి ఆపా అటూ ఇటూ చూసి, వెళ్లి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"చెల్లె, ఏమనుకోకు. గడ్డలు గడ్డలు పడతదా అని అడుగుతుంది."

"పడ్తాది ఆపా. రేగుపండంత."

"రంగు ఎట్లుంటది? ఎర్రగనా, నల్లగనా?"

"మొదటిరోజు నలుపు. రెండోరోజుకి ఎర్రగైతాది."

"వేడినీళ్ల సీసా పెట్టుకుంటే మంచిగనిపిస్తదా?"

"శానా. దాన్ని ఇడిస్తే మళ్లీ మొదలు."

చేతితో నొక్కితే తగ్గుతుందా, పెరుగుతుందా? ముందు రోజే తెలుస్తుందా? ఊరికే ఏడుపొస్తుందా? కాళ్లు చల్లబడతాయా? డాక్టరమ్మ అడుగుతూనే ఉంది. నేను జవాబు చెబుతూనే ఉన్నాను. మధ్యలో ఎక్కడో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పదిహేడేళ్లుగా మోస్తున్న నొప్పి. దాని రంగేమిటి, దాని దారేమిటి అని ఒక్కరూ అడగలేదు. నా తల్లి కూడా అడగలేదు. పాపం, ఆమెనూ ఎవరూ అడిగి ఉండరు.

అంతా విని డాక్టరమ్మ అన్నదాన్ని ఆపా ఇట్లా చెప్పింది: "నీ లోపల చలి కూసుందంట చెల్లె. చలికి రక్తం నడుస్తలేదంట. నడవని దగ్గర నొప్పి లేస్తదంట. వాళ్ల వైద్యంల గట్లంటరు."

నాకు అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. "ఈ మస్కట్ ఎండల్లో చలి యాడిది ఆపా?"

ఆపా ఆ మాట అరబిక్‌లో చెప్పగానే డాక్టరమ్మ కూడా నవ్వింది. వేలు పైకెత్తి ఏసీని చూపించింది. తర్వాత నా తడి పాదాలను చూపించింది. "బారిద్, బారిద్" అంది. చల్లన, చల్లన అని. నిజమే కదా, పది గంటలు ఏసీ కింద తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగేది నేనే.

ఇక మందు ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. ముందు ఆసుపత్రికి పోయి స్కాన్ చేయించుకోమంది. లోపల గడ్డ ఉందో, తిత్తి ఉందో చూడకుండా చిటికెడు మందు కూడా ఇవ్వనంది. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు ఉందిగా, వాడుకో అంది. ఆ కార్డు ఏడాదిన్నరగా నా సూట్‌కేసులోనే పడి ఉంది. దాన్ని వాడవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

స్కాన్‌లో ఏమీ లేదు. గడ్డ లేదు, తిత్తి లేదు. ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఒక మాత్ర రాసి, నొప్పి ముదిరాక కాదు, మొదలవుతూనే వేసుకోవాలని చెప్పింది. ఆ సంగతి కూడా నాకు తెలియదు. నేనెప్పుడూ ఓర్చుకుని ఓర్చుకుని, ఇక చేతకాక చివర్లో మింగేదాన్ని. రిపోర్టు తెచ్చి చైనా డాక్టరమ్మకు ఇస్తే ఆవిడ రెండుసార్లు చదివింది. మాత్ర మంచిదే, దగ్గర ఉంచుకో అంది. తన మందు నెలసరికి వారం ముందు మొదలుపెట్టి, కనపడగానే ఆపేయాలి. మాత్ర ఆ తర్వాతే. రెండూ ఒకే రోజు కలపకూడదు. ఈ మాట నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.

అప్పుడు తీసుకుపోయింది మందుల గదిలోకి.

బల్ల మీద తెల్ల కాగితాలు పరిచి, చిన్న త్రాసుతో తూచి, ఒక్కొక్కటే వేస్తోంది. నేను ఆపా పక్కన నిలబడి చూస్తున్నాను. సన్నటి చెక్క పుల్లలు పడ్డాయి. వాసన తగలగానే "దాల్చినచెక్క" అన్నాను. ఎండిన ముక్కలు పడ్డాయి. "శొంఠి." పసుపు రంగు పుల్లలు. ఒకటి తీసి కొరికాను, తియ్యగా ఉంది. "అతిమధురం. మా నాయనకు దగ్గొస్తే ఇదే నమలమనేవాళ్లు." ఇక్కడి అంగళ్లలో దొరికే సెలెరీ ఆకుకూర కట్టలా వాసన వేసే ఒక తెల్లని వేరు మాత్రం తెలియలేదు. అది చైనాలో ఆడవాళ్ల మందుకు పెట్టింది పేరట. ఎండిన ఎర్ర ఖర్జూరం లాంటి పండు కూడా కొత్తదే.

ఆ తర్వాత సొరుగులోంచి నల్లటి చిన్న గడ్డలు గుప్పెడు తీసింది. మేకపెంటికలంత ఉన్నాయి, పైన సన్నటి వెంట్రుకల్లాంటి పీచు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒళ్లు జలదరించింది.

"ఆపా, ఇది తుంగ!"

"ఏం తుంగ?"

"తుంగగడ్డ ఆపా! మా చేన్లో కలుపు! దీన్ని పీకీ పీకీ నా నడుము ఇరిగింది!"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆపా చెప్పాక ఫోన్ తీసి ఒక మొక్క బొమ్మ చూపించింది. మూడు పలకల కాడ, పైన గోధుమ రంగు వెన్ను. అదే. సందేహం లేదు. దాన్ని వాళ్లు "శియాంగ్ ఫు" అంటారట. ఆడవాళ్ల మందుల్లో అది పెద్దక్క అని డాక్టరమ్మ చెప్పింది.

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. ఆపలేకపోయాను. చిన్నప్పుడు బడి మానేసి కూలికి పోయి వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లం. అన్నిటికన్నా మొండిది తుంగే. పైన పీకితే కింద గడ్డ మిగిలేది, పది రోజులకు మళ్లీ లేచేది. ముట్టు నొప్పితో వంగలేక వంగి, దాన్ని తిట్టుకుంటూ పీకి గట్టు మీద విసిరేదాన్ని. నా నొప్పికి మందును నా చేతులతోనే గంపలకు గంపలు పారబోశానన్నమాట. ఆపా ఈ సంగతి చెబుతుంటే డాక్టరమ్మ నోరు తెరుచుకుని విన్నది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకో సొరుగు లాగి, ఇది చెప్పు అన్నట్టు కనుబొమలెగరేసింది. ఆ రోజు వరసగా ఎన్ని సొరుగులు లాగిందో లెక్కలేదు. చాలా వరకు నాకు తెలియనివే. తెలిసినవి మాత్రం కళ్లు మూసుకుని చెప్పాను.

కషాయం అల్యూమినియంలో గానీ ఇనుములో గానీ కాచకూడదు. మట్టికుండ ఉంటే మంచిదంది డాక్టరమ్మ. సెలవు రోజు శుక్రవారం, మట్టికుండలు దొరికే నిజ్వా అనే పాత ఊరికి బయల్దేరాను. నాతో మా రూమ్‌లో ఉండే అక్క వచ్చింది. ఆమెది గోదావరి జిల్లా, నలభై దాటాయి, మా అందరికీ పెద్దదిక్కు. బస్సులో రెండు గంటల పైన పట్టింది. దారంతా కొండలు, ఎండకు తుప్పు రంగులో. అక్క కిటికీలోంచి చూస్తూ "కుండ కోసం ఇంత దూరవా అమ్మాయ్, మా ఊళ్లో అయితే కుమ్మరోళ్లు ఇంటికొచ్చి ఇచ్చేవోరు" అని దారి పొడుగునా అంటూనే ఉంది. అయినా ఆమెకు ఆ ప్రయాణం సంతోషంగానే ఉందని నాకు తెలుసు.

నిజ్వా కోట పక్క బజారులో కుండల అంగడి దొరికింది. నేను ఒక్కొక్క కుండనూ వేలితో కొట్టి చూస్తుంటే, పక్కన కొంటున్న ఒమానీ ముసలమ్మ ఎందుకని అడిగింది. నాకొచ్చిన అరబిక్ ముక్కలతో పొట్ట చూపించి "దవా, హరీమ్" అన్నాను. ఆడవాళ్ల మందు అని. ఆమెకు వెంటనే అర్థమైంది. తానూ పొట్ట పట్టుకుని మూలిగినట్టు నటించి, మా వైపు చూసి కిసుక్కున నవ్వింది. పక్క కొట్టుకు చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, ఒక సంచిలోంచి గింజలు తీసి చూపించింది. "హెల్బా" అంది. చూస్తే మెంతులు! ప్రసవమైన ఆడవాళ్లకు, నెలసరి వాళ్లకు అవే కాచి ఇస్తారట. అక్క కూడా ఊరుకోలేదు, "మెంతులు, మెంతులు, మేవూ అంతే" అని తెలుగులోనే చెప్పింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు. ముసలమ్మ పోతూ పోతూ నేను చూస్తున్న కుండల్లోంచి మూడో దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. అదే కొన్నాను.

ఆ రోజు సాయంత్రం కషాయం పొయ్యెక్కించాను. మందును అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా సన్న సెగ మీద కాచాలి. పావుగంటకే రూమంతా వాసన పట్టింది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఏంటే అమ్మాయ్, పాత మంచం కోడు ఉడకబెడతన్నావా?" అంది అక్క.

వడగట్టి తాగాను. చేదు, వగరు, చివర్లో అతిమధురం తీపి. నాలుక మీద రాత్రంతా ఉండిపోయింది. వారం రోజులు పొద్దునా సాయంత్రం తాగాను.

మొదటి నెల పెద్ద తేడా ఏమీ లేదు. నొప్పి వచ్చింది, మాత్ర వేసుకున్నాను. పడుకోవలసి రాలేదు, అంతే. అది మాత్ర గుణమా, కషాయం గుణమా అని డాక్టరమ్మను అడిగితే ఆవిడ రెండు చేతులూ విప్పి, తెలియదు అంది. ఆ మాటతో నాకు ఆవిడ మీద నమ్మకం రెట్టింపైంది. రెండో నెల మందులో రెండు రకాలు మార్చింది. వారానికి రెండుసార్లు, నా డ్యూటీ అయ్యాక, మంచం మీద పడుకోబెట్టి బొడ్డు కింద ఒక కడ్డీ వెలిగించి పట్టేది. ఒంటికి తగలకుండా బెత్తెడు ఎత్తున. ఆ పొగ పీల్చగానే నేను లేచి కూర్చున్నాను. మాచిపత్రి! వినాయక చవితికి పత్రిలో అన్నిటికన్నా ముందు వేసే ఆకు. దాన్నే ఎండబెట్టి దంచి కడ్డీలా చుడతారట. ఆ వెచ్చదనం పొట్టలోకి దిగి నడుము దాకా పాకేది. నా పాదాలకు రబ్బరు బూట్లు కూడా డాక్టరమ్మే తెప్పించింది. ఐసు వేసిన జ్యూసు మానేశాను. ఆ నెల నొప్పి సగానికి వచ్చింది. సగం అని ఊరికే అనడం లేదు. పొద్దున మొదలైంది, మధ్యాహ్నానికి పోయింది.

అది చూసి అక్క నా దగ్గరికి వచ్చింది.

"నాకూ ఓ గ్లాసు పొయ్యవే. పదేసి రోజులు ఆగట్లేదు నాకు. నీకు చెప్పలేదు గానీ, లేత్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి."

నా చేతిలో గ్లాసు ఉంది. కషాయం వెచ్చగా ఉంది. ఇవ్వడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ డాక్టరమ్మ మందు కట్టిచ్చిన రోజే చెప్పింది, ఒకరి కుండ ఒకరిదే అని. నాకు పనికొచ్చిన మందు ఇంకొకరికి రక్తం ఎక్కువ పోయేలా చేయవచ్చు అని.

"ఇయ్యను అక్కా. నీది నా నొప్పి కాదు. ముందు డాక్టరమ్మకు చూపిద్దాం రా."

"గ్లాసుడు కషాయానికి కూడా లోభవేంటే?" అని అక్క మంచం ఎక్కి అటు తిరిగి పడుకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండిన అన్నం కూడా తినలేదు. నాలుగోరోజు బాత్‌రూమ్‌లో గోడ పట్టుకుని నిలబడి ఉంటే నేనే వెళ్లి చంకలో చెయ్యి వేశాను. నా భుజం పట్టుకుని క్లినిక్‌కు వచ్చింది.

డాక్టరమ్మ ఆమె కింది కనురెప్ప లాగి చూసింది. పాలిపోయి తెల్లగా ఉంది. నాడి పట్టుకుని ఎంతోసేపు ఉండలేదు. ఆపాతో క్లుప్తంగా చెప్పింది. "ఈమెకు మా దగ్గర మందు లేదు. ఆసుపత్రి. ఆలస్యం వద్దు."

చిక్కు అక్కడ వచ్చింది. మర్నాడు అక్కకు ఒక నాలుగంతస్తుల ఆఫీసులో పెద్ద డ్యూటీ ఉంది. అద్దాలు, మెట్లు, బాత్‌రూములు అన్నీ. ఎవరో పెద్ద సారు వస్తున్నాడట. మనుషులు తక్కువ ఉన్నారు, సెలవు లేదన్నాడు సూపర్‌వైజర్. నేను ఫోన్ తీసుకున్నాను.

"ఆమె డ్యూటీ నేను చేస్తాను సార్. నా క్లినిక్ పని మధ్యాహ్నానికే ముగించి పోతాను."

"నువ్వా?" అని నవ్వాడు. "నీ డ్రామా రోజులు దగ్గరికొచ్చినట్టున్నాయే?"

అతను అన్నది నిజమే. పొద్దున నిద్ర లేచేసరికి నెలసరి వచ్చింది. మూడో నెల, మొదటిరోజు. మంచం మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. వస్తుందని ఎదురుచూశాను. సన్నగా లాగినట్టుంది, అంతే. బట్టలు కట్టుకున్నాను, బూట్లు వేసుకున్నాను, ఒక మాత్ర జేబులో వేసుకుని వ్యాను ఎక్కాను.

క్లినిక్ తుడిచాను. మధ్యాహ్నం డాక్టరమ్మకు చెప్పి ఆ ఆఫీసుకు పోయాను. ఒకటో అంతస్తు అద్దాలు అయ్యాయి. నొప్పి రాలేదు. రెండో అంతస్తు మెట్లు తుడుస్తుంటే నడుము పట్టింది, అది నొప్పి కాదు, పని చేస్తే ఎవరికైనా పట్టేదే. మూడో అంతస్తులో నేను పాట పాడుతున్నానని నాకే తెలియలేదు, పక్కన గుడ్డ పట్టుకున్న నేపాలీ అమ్మాయి తలతిప్పి చూస్తే తెలిసింది. నాలుగో అంతస్తులో పెద్ద అద్దం ముందు నిచ్చెన ఎక్కి నిలబడ్డాను. అవతల అజైబా ఇళ్లు, వాటి అవతల సముద్రం కనబడింది. పదిహేడేళ్లలో మొదటిసారి, మొదటిరోజు, నేను నిచ్చెన మీద ఉన్నాను. మాత్ర జేబులోనే ఉంది.

సాయంత్రం సూపర్‌వైజర్ తనిఖీకి వచ్చాడు. అద్దాల మీద వేలు పెట్టి చూశాడు. మెట్లన్నీ దిగి చూశాడు. "అచ్ఛా కియా" అన్నాడు, బాగా చేశావని.

"సార్, ఈరోజు నాకు మొదటిరోజు" అన్నాను హిందీలోనే, తల వంచుకోకుండా. "ఇన్ని నెలలూ నేను చేసింది డ్రామా కాదు, నాకుండింది రోగం. రోగానికి మందు దొరికింది, లేచి పని చేశాను. ఆ మాట మళ్లీ ఏ ఆడమనిషినీ అనొద్దు."

అతను తనిఖీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గలతీ హో గయీ" అన్నాడు. తప్పయిందని. నేను బకెట్టు తీసుకుని కిందికి దిగాను. మెట్లు దిగుతూ మళ్లీ అదే పాట అందుకున్నాను.

ఆసుపత్రిలో అక్క గర్భసంచిలో నిమ్మకాయంత గడ్డ బయటపడింది. రక్తం ఎక్కించి, కొన్నాళ్లకు ఆపరేషన్ చేసి తీసేశారు. చెడ్డ గడ్డ కాదన్నారు. స్పృహ వచ్చాక నన్ను చూసి అక్క అన్న మొదటి మాట: "నువ్వు ఆరోజు ఆ గ్లాసు పోసుంటే నేను ఇంటికాడే పడుందును గదే." తర్వాత నా చెయ్యి వదల్లేదు.

ఆమె లేచి తిరిగాక మా రూమ్ ఆరుగురం కూర్చుని ఒక కాగితం రాయించాం. ఆపా ఇంగ్లీషులో రాసింది. నెలసరి రోజుల్లో బాగాలేని మనిషి డ్యూటీ ఇంకొకరు చేయడానికి ఒప్పుకోవాలి, తర్వాత ఆమె బదులు తీరుస్తుంది, గైరుహాజరు వేయకూడదు, జీతం కోయకూడదు. ఇదే మేమడిగింది. ఆరుగురం సంతకాలు పెట్టాం. ఇద్దరు వేలిముద్ర వేస్తామంటే అక్క ఒప్పుకోలేదు, కూర్చోబెట్టి పేర్లు దిద్దించి సంతకమే పెట్టించింది. కంపెనీ మేనేజరు దాన్ని చదివి సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ తలూపాడు. "నాకేం అభ్యంతరం లేదు, పని ఆగకపోతే చాలు" అన్నాడు మేనేజరు. రూమ్‌కి వచ్చాక అక్క రవ్వకేసరి చేసింది. పక్క రూముల వాళ్లు కూడా వచ్చి తిన్నారు. వాళ్లూ అలాంటి కాగితం ఎట్లా రాయాలని అడిగారు.

ఇదంతా జరుగుతుండగానే నేను మందుల గదిలో రోజూ ఒక గంట ఉండడం మొదలైంది. డాక్టరమ్మ ఒక సొరుగు చూపించి పేరు చెప్పేది, నేను తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఏది ఎంత తూకం దాటకూడదు, ఏది కడుపుతో ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు, ఏది రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లకు పనికిరాదు, ఇవి ఎర్ర సిరాతో. ఒకసారి మా జిల్లా నుంచే వచ్చి ఎవరింట్లోనో పనిచేసే అమ్మాయిని వాళ్ల మేడమ్ క్లినిక్‌కు తీసుకొచ్చింది. ఆపా ఆ రోజు రాలేదు. డాక్టరమ్మ నన్నే పిలిచింది. ఆ అమ్మాయి తలెత్తలేదు. "మ్మే, నాది కూడా కడపనే. సిగ్గుపడాకు, చెప్పు" అన్నాను. ఆమె గబుక్కున తలెత్తి, ఒక్కసారిగా అంతా చెప్పేసింది. నాకు వచ్చిన అరబిక్‌లో డాక్టరమ్మకు చెప్పాను. చాలకపోతే చేతులతో చెప్పాను. డాక్టరమ్మ ఒక్కటీ మళ్లీ అడగలేదు.

ఏడాది గడిచాక ఆవిడ మా కంపెనీతో మాట్లాడి నా కాగితాలు క్లినిక్ పేరు మీదికి మార్పించింది. ఇప్పుడు నా రెసిడెంట్ కార్డు మీద హెల్పర్ అని ఉంది. నేల తుడవడానికి వేరే ఆమె వస్తుంది, ఆమెకూ బూట్లున్నాయి. నాకు ఇప్పటికీ కొన్ని నెలలు నొప్పి వస్తుంది. పరీక్షలో తప్పిన పిల్లలా దిగాలు పడను. మాత్ర వేసుకుంటాను, వేడినీళ్లు పెట్టుకుంటాను, మర్నాడు లేస్తాను. చాలా నెలలు అసలు రాదు.

ఈ మధ్య డాక్టరమ్మ రెండు వారాలకు వాళ్ల దేశం వెళ్లింది. కొత్త వాళ్లను చూడడం ఆపి, అంతకుముందే చీటీ రాసిచ్చిన పాత వాళ్లకు మాత్రం మందు కట్టివ్వమని మందుల గది తాళం నా చేతిలో పెట్టింది. మొదటి చీటీ వచ్చింది. పది రకాలు. తెల్ల కాగితం పరిచాను, త్రాసు సరిచూసుకున్నాను, ఒక్కొక్కటే తూచి కుప్పలుగా పెట్టాను. ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాను. ఆవిడ వాళ్లింటి వంటగదిలో ఉన్నట్టుంది, వెనక ఏదో ఆవిరి. కళ్లద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా వచ్చి ఒక్కొక్క కుప్పా చూసింది. ఒకదాన్ని తిప్పమంది, తిప్పాను. ఇంకోదాన్ని విరిచి లోపలి రంగు చూపించమంది, చూపించాను.

"తమామ్" అంది. అంతా బాగుంది అని.

నేను పొట్లం కట్టి, బయట కూర్చున్న పెద్దామెకు నా చేతులతో ఇచ్చాను.